నియ్యత్ కట్టే ముందు ఫోన్ సంగతి

నమాజులో ఎవరి ఫోనైనా మోగితే "మరిచిపోయి ఉంటాడులే" అనుకుంటాం. అప్పుడప్పుడూ వచ్చేవాళ్ల విషయంలో అది నిజం కావచ్చు. రోజూ వచ్చేవాళ్ల సంగతి వేరు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల మసీదుల్లోనో, చిలకలూరిపేట పత్తి మిల్లుల దగ్గరో, దర్శి, మార్కాపురం బజార్లలోనో శుక్రవారం మధ్యాహ్నం వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) కుళాయిల దగ్గర కాసేపు నిలబడి చూడండి. మిర్చి సీజన్లో అయితే ఇంకా బాగా తెలుస్తుంది. కమీషన్ దుకాణంలో పనిచేసే గుమాస్తా ఒకతను వస్తాడు. పొద్దుట్నుంచి టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, చెయ్యి పెట్టి కాయ తీసి చూపించిన చేతులవి. కూర్చోగానే నీళ్లు మొహాన చల్లుకోడు. ముందు సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుగుతాడు, లేకపోతే కళ్లు మండిపోతాయని తెలుసు. వుజూ పూర్తయ్యాక చేతులు తుడుచుకుని ఫోన్ తీస్తాడు. ఎవరైనా చేశారేమో చూసుకుంటాడు. పక్క మీట నొక్కి శబ్దం తగ్గిస్తాడు. సగం దాకా తగ్గించి, ఒక్క క్షణం ఆగి, అలాగే జేబులో వేసుకుని లోపలికి నడుస్తాడు.

సగంలో ఆగిపోయిన ఆ బొటనవేలి గురించే ఈ అధ్యాయం. ఆ మనిషికి మతిమరుపు లేదు, మసీదు మీద గౌరవమూ తక్కువ కాదు. పూర్తిగా ఆపేస్తే ఏదో చేజారిపోతుందని భయం. సరుకు బేరం తెగే వేళకు రైతు ఫోన్ చేస్తే ఎలా? లారీ గేటు దగ్గరికొచ్చి ఆగితే ఎలా? యజమాని అడిగితే ఏం చెప్పాలి? ఈ భయం తీరనంతకాలం గోడ మీద ఎన్ని బోర్డులు రాసినా, ఇమామ్ సాబ్ ఎన్నిసార్లు చెప్పినా ఆ వేలు అక్కడే ఆగుతుంది. అందుకే ముందు భయం సంగతి మాట్లాడుకుందాం. ఫోన్ సంగతి ఆ తర్వాత.

మదీనాకు బిడారు వచ్చిన రోజు

ఈ భయం ఫోన్‌తో పుట్టింది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే, ఆయన ఎదుటే జరిగిన సంఘటన ఒకటుంది. మదీనాలో శుక్రవారం. ప్రవక్త (స) నిలబడి ఖుత్బా, అంటే జుమా ప్రసంగం, ఇస్తున్నారు. ఆ సమయంలో ఆహార ధాన్యాలతో వర్తక బిడారు ఊళ్లోకి వచ్చింది. అవి తిండిగింజలకు కటకటగా ఉన్న రోజులని వ్యాఖ్యాతలు చెబుతారు. సరుకు అయిపోతుందేమో, ముందు వెళ్లినవాళ్లకే దొరుకుతుందేమో అని జనం లేచి బిడారు వైపు వెళ్లిపోయారు. పన్నెండు మందే మిగిలారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ నమోదు చేశాయి. ఖుర్ఆన్ 62వ అధ్యాయం పేరు జుమా. దాని చివరి వాక్యం ఈ సంఘటన గురించే.

వెళ్లిపోయినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఇంట్లో పిల్లలున్నవాళ్లు, గింజలు కావాల్సినవాళ్లు. మన గుమాస్తా బొటనవేలు ఆగిన చోటే వాళ్ల మనసూ ఆగింది.

జుమా అధ్యాయంలో ఆ చివరి వాక్యానికి ముందున్న రెండు వాక్యాలు నాకు చాలా ముఖ్యమనిపిస్తాయి. శుక్రవారం పిలుపు వినగానే వ్యాపారం వదిలి దైవస్మరణకు రమ్మంటుంది మొదటిది. నమాజు ముగిశాక భూమ్మీదకు వెళ్లి దైవానుగ్రహాన్ని వెతుక్కోండి, అంటే మీ సంపాదన చూసుకోండి అంటుంది రెండోది. వ్యాపారం తప్పని ఎక్కడా అనలేదు. వదలాల్సిన సమయానికి మొదలు చెప్పింది, ముగింపూ చెప్పింది. వ్యక్తిత్వ వికాసం గురించి రాసేవాడిగా నేనిక్కడ పట్టుకున్న సూత్రం ఇదే: హద్దుకు రెండు కొసలూ కనబడితే మనిషి ధైర్యంగా వదలగలడు. ఎప్పటిదాకానో తెలియని మౌనం భయపెడుతుంది. ఒంటిగంటంపావు నుంచి రెండింటి దాకా అని తెలిసిన మౌనం భయపెట్టదు.

కొలిచి చూడండి. జుమా, అంటే శుక్రవారం మధ్యాహ్నపు నమాజులో ఫర్జ్ (తప్పనిసరి భాగం) రెండే రకాతులు (ఆవృత్తులు). అరబీ ఖుత్బా కలుపుకున్నా చాలాచోట్ల అరగంట లోపే అయిపోతుంది. మామూలు రోజుల మధ్యాహ్నపు జొహర్ ఫర్జ్ నాలుగు రకాతులు, ఇమామ్ వెనక నిలబడితే ఏడెనిమిది నిమిషాల పని. మగ్రిబ్ మూడు రకాతులు ఇంకా తొందరగా అవుతుంది. సున్నత్‌లు కూడా చదువుకుని బయటికొచ్చేసరికి మామూలు రోజుల్లో ఇరవై నిమిషాలు. మోటారు స్టార్టరు దగ్గరికి వెళ్లొచ్చే రైతు, మిల్లులో టీ తాగొచ్చే మేస్త్రీ అంతకంటే ఎక్కువసేపే ఫోన్‌కు దూరంగా ఉంటారు. అప్పుడెవరికీ భయం వేయదు.

ఒక చిన్న పని చేయండి. ఈ శుక్రవారం ఫోన్ శబ్దం పూర్తిగా ఆపి నమాజుకు వెళ్లండి. బయటికొచ్చాక ఆ అరగంటలో వచ్చిన ఫోన్లన్నీ ఒక కాగితం మీద రాయండి: ఎవరు, ఎందుకు, అరగంట ఆగితే ఏం పోయేది. రెండు మూడు శుక్రవారాలు ఇలాగే రాస్తే మీ భయానికి అసలు కొలత తెలుస్తుంది. ఎక్కువ ఫోన్లు "కాటా అయిందా?", "ఎంత పలికింది?", "ఎక్కడున్నావ్?" లాంటివే ఉంటాయి. ఎక్కడో ఒకటి నిజంగా ఆగలేనిది ఉండొచ్చు. ఆ ఒక్కదానికి ఏర్పాటు చేసుకోవడమే మీ పని. మిగతావన్నీ ముందు చెప్పుకుంటే పోయేవే.

పొద్దున్నే చెప్పాల్సిన మాట

ఫోన్ ఆపడానికి సరైన సమయం మసీదు గుమ్మం అనుకుంటాం. నన్నడిగితే ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలు. సరుకు తెచ్చిన రైతు దుకాణంలో కూర్చుని ఉన్నప్పుడే చెప్పేయాలి.

"బాబాయ్, ఒంటిగంట నుంచి రెండింటి దాకా జుమాకు వెళతాను. అప్పుడు ఫోన్ ఎత్తలేను. రెండింటికి నేనే చేసి ధర ఎంత తేలిందో చెబుతాను. ఈలోపు మరీ అవసరమైతే దుకాణంలో మా తమ్ముడుంటాడు, ఇదిగో అతని నంబరు."

"ఆ ముక్క ముందే చెబితే నేనూ ఇంత బువ్వ తిని కాసేపు నడుం వాలుస్తాగదా భాయ్. పోయిరా."

ఈ నాలుగు మాటల్లో మూడు సంగతులున్నాయి. ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అన్నది చెప్పాడు. తను లేనప్పుడు ఎవరున్నారో చెప్పాడు. మళ్లీ ఫోన్ చేయడం తన బాధ్యతన్నాడు. అన్నిటికంటే గట్టిది ఈ చివరిది. రెండింటికి చేస్తానన్నవాడు రెండింటికే చేయాలి. రెండూ ఇరవైకి కూడా చేయకపోతే, వచ్చే శుక్రవారం ఆ రైతు ఒంటిగంటంపావుకే మొదలుపెడతాడు, ఎత్తేదాకా ఆపడు. ధర బాగా రాకపోయినా సరే, సమయానికి ఫోన్ చేసి ఉన్న మాట చెప్పినవాడి మౌనాన్ని ఈ ప్రాంతంలో రైతులు గౌరవిస్తారు.

యజమానితో మాట్లాడేటప్పుడు అనుమతి అడిగే ముందు ఏర్పాటు చూపించండి. "సార్, జుమాకు వెళ్లాలి" అని ఊరుకుంటే ఆయనకు వినిపించేది మీరు లేని గంట. "సార్, పన్నెండున్నరకల్లా కాటాల లెక్క మీ బల్ల మీద పెడతాను. రెండింటికి మళ్లీ ఇక్కడుంటాను. మధ్యలో ఫోన్ ఆపేస్తాను" అంటే ఆయనకు వినిపించేది పూర్తయిన పని. మసీదులో మోగే ఫోన్లలో కొన్ని మనం యజమానికి ఈ మాట సూటిగా చెప్పలేక మోగేవే.

పత్తి రైతుల ఇబ్బంది ఇంకో రకం. 2025 నుంచి భారత పత్తి సంస్థకు (సీసీఐకి) పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ తీసుకోవాలి. బ్యాంకు పనికీ, రిజిస్ట్రేషన్‌కూ ఓటీపీలు. ఫోన్ చేతిలో లేకపోతే పని ఆగిపోతుందన్న ఆదుర్దా సహజం. అయితే ఓటీపీ దానంతటది రాదు, మనం అడిగితేనే వస్తుంది. నమాజుకు పది నిమిషాల ముందు అలాంటి పని మొదలుపెట్టకుండా ఉంటే చాలు.

మళ్లీ తీయడం మరిచిపోయేవాళ్లకు

"సైలెంట్లో పెడితే మళ్లీ తీయడం గుర్తుండదండీ. సాయంత్రం చూసుకుంటే వచ్చిన ఫోన్లన్నీ పోయాయి." ఇది సాకు కాదు. నిజంగా జరిగేదే, నష్టం కలిగించేదే. ఒకసారి దెబ్బతిన్నవాడు మళ్లీ సైలెంట్ జోలికి పోడు. దీనికి మందు ఫోన్లోనే ఉంది, ఎక్కువమంది వాడరు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో డు నాట్ డిస్టర్బ్ అనే ఏర్పాటును ఎంతసేపు అని చెప్పి పెట్టుకోవచ్చు. అరగంట, గంట అని పెడితే సమయం కాగానే దానంతటదే తొలగిపోయి ఫోన్ మామూలుగా మోగుతుంది. ఐఫోన్‌లో గంటసేపు అని పెట్టుకోవచ్చు, ఈ చోటు వదిలి వెళ్లేదాకా అని కూడా పెట్టుకోవచ్చు. మసీదు నుంచి దూరం వెళ్లగానే తొలగిపోయే ఈ రెండోది నమాజుకు వెళ్లేవాళ్ల కోసమే చేసినట్టుంటుంది. జొహర్, అసర్, ఇషా జమాత్‌లు, అంటే ఇమామ్ వెనక చేసే సామూహిక నమాజులు, మసీదు కమిటీ పెట్టిన సమయానికి జరుగుతాయి. గోడ మీద వరసగా ఉండే చిన్న గడియారాల బొమ్మల్లో ఆ సమయాలు చూసుకుని, రోజూ అదే వేళకు ఫోన్ తానే మౌనంలోకి వెళ్లేలా షెడ్యూలు పెట్టుకోవచ్చు. కమిటీ సమయం మార్చినప్పుడు ఫోన్లోనూ మార్చాలి. మగ్రిబ్‌కు మాత్రం షెడ్యూలు కుదరదు. అది సూర్యాస్తమయంతో నడిచే నమాజు. మన గుంటూరు వైపు నవంబరు చివర్లో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది, జూన్ చివర్లో, జులై మొదట్లో ఆరూముక్కాలవుతుంది. మగ్రిబ్‌కు చేత్తోనే ఆపుకోవాలి.

ఇక నిజంగా ఆగలేని ఆ ఒక్క ఫోన్. ఇంట్లో నిండు గర్భిణి ఉండొచ్చు, పెద్దాసుపత్రిలో తండ్రి ఉండొచ్చు. డు నాట్ డిస్టర్బ్ ఉన్నా కొందరి ఫోన్లు మాత్రం వచ్చేలా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో పేరు పక్కన చుక్క గుర్తు, అదే స్టార్, పెట్టుకున్నవాళ్లను వదలమని చెప్పొచ్చు. ఒకే మనిషి వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగనిచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో దానికి పదిహేను నిమిషాల గడువు, ఐఫోన్‌లో మూడు నిమిషాలు. ఇంట్లోవాళ్లకు "ప్రాణం మీదికొస్తేనే వరసగా రెండుసార్లు చెయ్యండి" అని చెప్పి పెట్టుకోవచ్చు. కానీ యార్డు పనిలో ఉన్నవాళ్లకు నేను ఈ రెండోది వద్దంటాను. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయడం ఇక్కడ అందరికీ అలవాటు, ధర అడిగేవాడు కూడా రెండోసారికి మోగించేస్తాడు. వీళ్లకు చుక్క గుర్తే మేలు, అదీ రెండు మూడు పేర్లకు మించకుండా. అలాంటి ఫోన్ రావచ్చని తెలిసిన రోజున చివరి వరసలో, గుమ్మం పక్కన నిలబడండి. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను ఆదుకోవడానికి నమాజు తెంచి వెళ్లడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది.

శబ్దం ఒక్కటే కాదు

వైబ్రేషన్‌లో పెట్టాం కదా అనుకుంటాం. నాపరాళ్లు పరిచిన నేల మీద, సజ్దా చేసే, అంటే నుదురు నేలకానించే, చోటు పక్కన పెట్టిన ఫోన్ గుర్రుమని కదిలితే అటు ఇద్దరికీ ఇటు ఇద్దరికీ మోకాళ్ల కింద తెలుస్తుంది. తెర పైకి ఉంచి ఎదురుగా పెడితే వాట్సాప్ వచ్చినప్పుడల్లా వెలుగుతుంది, వద్దన్నా కళ్లు అటే పోతాయి.

బుఖారీ గ్రంథంలోనే ఇంకో ఉదంతం ఉంది. ప్రవక్త (స) ఒకసారి అంచుల మీద నగిషీలున్న దుప్పటి కప్పుకుని నమాజు చేశారు. ఆ నగిషీల మీదికి ఆయన చూపు పోయింది. నమాజు ముగియగానే ఆ దుప్పటిని దాన్ని ఇచ్చిన అబూ జహ్మ్‌కు తిరిగి పంపి, బదులుగా ఆయన దగ్గరున్న సాదా దుప్పటి తెమ్మన్నారు. ఇచ్చినవాడు నొచ్చుకోకుండా ఆయన దగ్గరిదే మరొకటి అడిగి తీసుకోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. చప్పుడు లేని వస్తువు కూడా మనసును లాగుతుందని అంతటి మనిషే చెబుతుంటే, వెలిగే తెరను ఎదురుగా పెట్టుకుని మనకేం కాదనుకోవడం సరికాదు. ఫోన్ బోర్లా పెట్టడం కంటే జేబులో ఉండటం మంచిది. దుకాణంలోనో, బండి డిక్కీలోనో వదిలి రావడం అన్నిటికంటే మంచిది. చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే దాన్ని కూడా మౌనంలో పెట్టండి. జేబులో ఆపిన ఫోన్ మణికట్టు మీద కొట్టుకుంటుంటే ఆపినట్టు కాదు.

అలారాలను చాలామంది మరిచిపోతారు. ఫోన్ సైలెంట్లో ఉన్నా అలారం మోగుతుంది. మందులు వేసుకోవడానికి, మోటారు ఆపడానికి పెట్టుకున్నవి సరిగ్గా జమాత్ మధ్యలో మోగుతుంటాయి. అజాన్ యాప్ వేసుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యాప్‌లోని సమయం, మన మసీదు సమయం ఒకటి కావు. ఇమామ్ రెండో రకాతులో ఉండగా ఎవరి జేబులోంచో అజాన్ మొదలైతే పక్కవాళ్లకు ఏం తోచదు. అజాన్‌ను, ఖుర్ఆన్ వాక్యాలను రింగ్‌టోన్‌గా పెట్టుకోవద్దని చాలామంది ఉలమా చెబుతారు, ఫోన్ ఎత్తగానే వాక్యం మధ్యలో తెగిపోతుంది కాబట్టి. పాట బదులు మామూలు గంట పెట్టుకుంటే, ఎప్పుడైనా పొరపాటున మోగినా అది కాస్త తక్కువ ఇబ్బంది.

కొన్ని చోట్ల కమిటీవాళ్లు జామర్ పెడదామా అని ఆలోచిస్తారు. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. పైగా గోడ అవతల ఇంట్లో గుండెనొప్పి వచ్చినవాళ్లు 108కి చేయబోయినా కలవదు. ఆ ఆలోచన మానుకోవాలి.

మోగనే మోగితే

ఇన్ని చేసినా ఒకరోజు మోగుతుంది. నిలబడి చేతులు కట్టుకుని ఉన్నారు, జేబులో పాట మొదలైంది. చాలామంది కదలకుండా బిగుసుకుపోతారు, కదిలితే నమాజు పోతుందని. అది ఆగిపోయేదాకా వరసలో అందరూ వినాల్సి వస్తుంది. అవతలివాడు మళ్లీ చేస్తాడు.

మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్ (ధర్మశాస్త్రం) ప్రకారం నమాజును భంగపరిచేది "అమలె కసీర్", అంటే దూరం నుంచి చూసినవాడు ఇతను నమాజులో లేడనుకునేంత పని. ఫోన్ బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఎవరో చూసి, కట్ చేయడం ఆ కోవలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఒక చేత్తో, చిన్న కదలికతో ఆపితే నమాజు చెడదని ముఫ్తీలు చెబుతున్నారు. ఇక్కడ ఫోన్ తయారీ కూడా మనకు సాయపడుతుంది. మోగుతున్న ఫోన్ పక్క మీట ఏదైనా ఒకసారి నొక్కితే చాలు, ఫోన్ కట్ అవదు, చప్పుడు మాత్రం ఆగిపోతుంది. జేబులోంచి తీయక్కర్లేదు, తెర చూడక్కర్లేదు. లాల్చీ గుడ్డ మీద నుంచే కుడిచేత్తో తడిమి ఆ మీట నొక్కండి, చెయ్యి మళ్లీ కట్టుకోండి. మీ ఫోన్‌కు ఆ మీట ఎటుందో ఇంట్లో ఒకసారి చూడకుండా నొక్కి అలవాటు చేసుకోండి. ఆపకుండా మోగనివ్వడం భక్తి అనుకోవద్దు, పక్కనున్న ఇరవై మంది నమాజు కూడా మీ చేతిలో ఉంది. ప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేశారని, సజ్దాకు వెళ్లేటప్పుడు దించి లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారని హదీసుల్లో ఉంది. అవసరమైన చిన్న కదలికకు నమాజులో చోటుంది. ఇంకా సందేహముంటే మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.

ఇక మోగింది పక్కవాడి ఫోనైతే? నమాజు ముగించే సలాం తిప్పగానే నాలుగు వైపుల నుంచి తలలు అటు తిరుగుతాయి. పెద్దవాళ్లు ఒకరిద్దరు గట్టిగానే అంటారు. అతను కొత్తగా నమాజుకు వస్తున్న కుర్రాడైతే వచ్చే వారం కనిపించడు.

సహీహ్ ముస్లింలో ఒక ఉదంతం ఉంది, మిరప ఘాటుకు తుమ్ముతూ బతికే మన ఊళ్లవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ముఆవియా బిన్ హకమ్ అనే ఆయన ప్రవక్త (స) వెనక నమాజులో ఉన్నారు. వరసలో ఒకరు తుమ్మారు. నమాజులో మాట్లాడకూడదని తెలియని ఈయన బయట అలవాటైనట్టే "అల్లాహ్ నిన్ను కరుణించుగాక" అని పైకే అనేశారు. జనం ఉరిమి చూశారు. "ఎందుకలా చూస్తారు?" అని మళ్లీ మాట్లాడారు. ఇక ఊరుకోమన్నట్టు వాళ్లు తొడల మీద చరిచారు. నమాజు ముగిశాక ప్రవక్త (స) ఆయన్ను కసరలేదు, కొట్టలేదు, మాట తూలలేదు. నమాజులో మామూలు మాటలు తగవని నెమ్మదిగా నేర్పారు. ఆయనకంటే ముందూ తర్వాతా అంత బాగా నేర్పినవారిని చూడలేదని ఆ మనిషే తర్వాత చెప్పుకున్నారు. ఫోన్ మోగినవాడితో మనం చేయాల్సింది ఇదే. నమాజయ్యాక, అందరూ కదిలాక, పక్కన కూర్చుని "ఇటివ్వు బాబూ, ఇందులో గంటసేపు ఆపే ఏర్పాటుంది, చూపిస్తాను" అనండి.

ఖుత్బా జరుగుతున్నప్పుడైతే ఆ మాట కూడా అనకూడదు. పక్కవాడిని ఊరుకోమనడం కూడా వ్యర్థమైన మాటేనని హదీసు. కాబట్టి హెచ్చరిక అంతకుముందే రావాలి, ఇది కమిటీ పని. నా అభిప్రాయంలో ఫోన్ బోర్డు పెట్టాల్సింది ఇమామ్ నిలబడే మిహ్రాబ్ పక్క గోడకు కాదు, వుజూ కుళాయిల ఎదురుగా. అక్కడే మనిషి ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. ఉర్దూలో ఒక్కటే రాస్తే చాలదు. ఒకప్పుడు పత్తి ఏకడం వృత్తిగా బతికిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు ఇటు ఊరూరా ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమందికి ఇంటి భాష తెలుగే. బోర్డు తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇఖామత్ (నమాజు మొదలవుతోందనే పిలుపు) ముందు ఇమామ్ సాబ్ సఫ్‌లు, అంటే వరసలు, సరిచేసుకోమని ఎలాగూ చెబుతారు, అదే ఊపులో "ఫోన్లు చూసుకోండి" అన్న మాట కూడా చేర్చితే, అప్పటికీ మరిచిపోయినవాళ్ల చేతులు జేబుల్లోకి వెళతాయి.

కీప్యాడ్ ఫోన్లు వాడే పెద్దవాళ్ల గురించి ఒక మాట. చెవులు సరిగా వినపడక పెద్ద శబ్దం వచ్చే ఫోన్ కొనుక్కుంటారు. అందుకే మోగితే మసీదంతా వినిపిస్తుంది. వాళ్లకు మెనూలు తెలియవు. చాలా కీప్యాడ్ ఫోన్లలో కింద వరసలో ఉన్న # మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే సైలెంట్ అవుతుంది, మళ్లీ అలాగే పట్టుకుంటే మామూలవుతుంది. మనవడో మనవరాలో తాత పక్కన కూర్చుని, తాత వేలితోనే నాలుగైదు సార్లు నొక్కించాలి. చేసి చూపిస్తే సరిపోదు.

ఇంట్లో, కల్లంలో, పక్కింట్లో

నమాజు మసీదులోనే ఉండదు. మన పల్లెల్లో ఆడవాళ్లు ఎక్కువగా ఇంట్లోనే చదువుకుంటారు. వంటగదిలో ఛార్జింగ్ పెట్టిన ఫోన్ మోగుతుంటుంది, పిల్లాడు పట్టుకొచ్చి సజ్దాలో ఉన్న తల్లి చెవి దగ్గర పెడతాడు. సగంసార్లు చేసేది మసీదు నుంచి బయటికొచ్చిన భర్తే. ఇంటికి ఫోన్ చేసే ముందు ఆమె కూడా అప్పుడే నియ్యత్ కట్టి నమాజు మొదలుపెట్టి ఉంటుందని గుర్తుంచుకోండి, పావుగంట ఆగి చేయండి. మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే, తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు పట్టాల నీడలో జొహర్ చదువుకుంటారు. అక్కడ ఫోన్ పక్కనున్న కూలీ చేతికిచ్చి "అక్కా, మోగితే నమాజులో ఉందని చెప్పు" అంటే సరిపోతుంది. ఆ అక్క హిందువైనా, క్రైస్తవురాలైనా అలాగే చెబుతుంది.

ఈ పుస్తకం చదివే ముస్లిమేతరులకు నాదొక విన్నపం. మీ గుమాస్తా, మీ డ్రైవరు, మీ మెకానిక్కు నమాజుకు వెళ్లేవాడైతే అతని మసీదు జమాత్ సమయాలు ఒక్కసారి అడిగి రాసుకోండి. అవి ఐదే. శుక్రవారం ఒంటిగంటంపావు ప్రాంతంలో ఫోన్ బదులు ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి. ఆదివారం చర్చి ప్రార్థనలో ఉన్న మేస్త్రీకి, శనివారం గుళ్లో భజనలో కూర్చున్న రైతుకు అతను కూడా అదే మర్యాద తిరిగి చూపిస్తాడు.

రంజాన్ నెలకు మాత్రం ముందుగానే కూర్చుని ఏర్పాట్లు చేసుకోవాలి. చాంద్రమాన లెక్కలో నడిచే ఈ నెల ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మన దేశంలో ఉపవాసాలు మొదలయ్యాయి. యార్డుకు మిర్చి పోటెత్తే రోజులవి. ఆ తర్వాతి ఏళ్లలో ఇది ఫిబ్రవరిలోకి, జనవరిలోకి జరుగుతుంది, అంటే మిరప కోతల్లోకి, పత్తి తీతల్లోకి. ఈ నెల రాత్రుల్లో ఇషా తర్వాత చదివే తరావీహ్ నమాజు ఇరవై రకాతులు. హాఫిజ్ గారు, అంటే ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసినవారు, దాన్ని రోజుకింతని కంఠస్థంగా చదువుతూ నెలలో పూర్తి చేస్తారు. ఆయన చేతిలో పుస్తకం ఉండదు. ఒకేలాంటి వాక్యాలు చాలాచోట్ల వస్తాయి. సరిగ్గా అలాంటి చోట ముందు వరసలో ఫోన్ మోగితే ఆయన చదువు మరో అధ్యాయం వైపు వెళ్లిపోవచ్చు, వెనకున్న మరో హాఫిజ్ అందించాల్సి వస్తుంది.

అదే వేళకు లారీలు నిండుతుంటాయి, కోల్డ్ స్టోరేజీల దగ్గర బళ్లు వరస కడతాయి. కాబట్టి తరావీహ్‌కు పట్టే ఈ గంటన్నర సంగతి రంజాన్ మొదలయ్యే ముందే యజమానితో, లారీవాళ్లతో, హమాలీ ముఠా మేస్త్రీతో తేల్చుకోండి. ఇద్దరు ముగ్గురు గుమాస్తాలున్న దుకాణంలో వంతులు వేసుకోవచ్చు, ఉపవాసం లేని తోటివాళ్లు తరావీహ్ వేళ ఫోన్లు చూస్తే, పండగల రోజున వీళ్లు వాళ్ల పని చూడొచ్చు. ఇక హాఫిజ్ గారి వెనక మొదటి సఫ్‌లో నిలబడే కమిటీ పెద్దలు, దుకాణదారులు తమ ఫోన్లు ఇంట్లోనో దుకాణంలోనో వదిలి రావాలి. వాళ్లు జేబులో ఫోన్‌తో నిలబడినంతకాలం వుజూ దగ్గర ఆ కుర్ర గుమాస్తా బొటనవేలికి ధైర్యం చెప్పే హక్కు వాళ్లకు ఉండదు.